అమీర్‌పేటలో ఎనిమిది సీట్ల ప్రాక్టీస్ గది: కేబుల్ నుంచి తెర దాకా ప్రాజెక్టు డైరీ

పని ఇది. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, రెండో అంతస్తు గది. పొడవు 24 అడుగులు, వెడల్పు 16. ఐటీ సపోర్ట్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎనిమిది సీట్లు, పాఠం చెప్పేవాళ్లకి ఒక బల్ల, ముందు గోడ మీద 43 అంగుళాల ఫోర్‌కే టీవీ, వెనక మూలన చిన్న ర్యాక్. కంప్యూటర్లన్నీ ఆఫీసులు తీసేసిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లు. గదిని నేర్చుకునేవాళ్లే కట్టాలి, కావాలని చెడగొట్టాలి, మళ్లీ వాళ్లే బాగుచేయాలి. ఏ రోజు ఏం చేశామో, ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఇక్కడ రాసిపెడుతున్నాం.

మొదటి రోజే బోర్డు మీద ఒక మాట రాశాం: లైటు వెలిగిందా అని కాదు, ఎంతకి ఒప్పుకుందో చూడండి. నెట్‌వర్క్ కేబుల్ అయినా మానిటర్ కేబుల్ అయినా, పెట్టగానే రెండు కొసల్లోని పరికరాలు ముందు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నువ్వెంత వేగం, నేనెంత వేగం, నీ తెర సైజెంత అని తేల్చుకుని ఒక అంకె దగ్గర కుదురుకుంటాయి. ఆ అంకె తగ్గినా లైటు పచ్చగానే ఉంటుంది, బొమ్మ కూడా వస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే మోసపోతారు.

రోజు 1: కరెంటు, కొలతలు

నెట్‌వర్క్ కంటే ముందు ప్లగ్ పాయింట్లు చూశాం. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ప్రతి పాయింట్‌లో మూడు కొలతలు: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య. మొదటి రెండూ 230 అటూ ఇటూ దాదాపు సమానంగా ఉండాలి, మూడోది రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. కిటికీ పక్క బోర్డులో ఫేజ్-ఎర్త్ కొలత 140 దగ్గర ఊగుతోంది. బోర్డు విప్పిస్తే లోపల ఆకుపచ్చ తీగ కొస ఎక్కడా కలపకుండా వదిలేసి ఉంది.

ఈ పని ఎవరూ చేయరు, మేం మాత్రం చేసి తీరాలంటాం. ఎర్త్ లేని పాయింట్‌లో డెస్క్‌టాప్ పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు చిమచిమలాడుతుంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ క్యాబినెట్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువే. కానీ అలాంటి కంప్యూటర్‌కీ, ఎర్త్ సరిగ్గా ఉన్న టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే ఆ తేడా అంతా పోర్టులోంచే పోతుంది. ‘కేబుల్ పెట్టగానే పోర్టు పోయింది’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇదే.

తర్వాత కేబుల్ లెక్క. పది పాయింట్లు: సీట్లకి ఎనిమిది, బల్లకి ఒకటి, సీలింగ్ మీద వైఫై యాక్సెస్ పాయింట్‌కి ఒకటి. ర్యాక్ నుంచి దగ్గరి పాయింట్ 5 మీటర్లు, దూరపుది గోడ ఎక్కి దిగేది కలుపుకొని 16 మీటర్లు. సగటు పదిన్నర, పదికి 105. ఒక్కోదానికి రెండు మీటర్ల మిగులు కలిపితే 125 మీటర్లు. డబ్బా 305 మీటర్లది వస్తుంది కాబట్టి మిగిలిన 180 మీటర్లు క్రింపింగ్ (కేబుల్ కొసకి జాక్ బిగించడం) ప్రాక్టీసుకి.

రోజు 2: సామాను

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. తెచ్చినవి: క్యాట్ 6 కేబుల్ డబ్బా ఒకటి, 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్ (గోడ కేబుళ్లన్నీ ర్యాక్‌లో వచ్చి చేరే పట్టీ), 16 పోర్టుల గిగాబిట్ స్విచ్, 6యూ గోడ ర్యాక్, ఐవోలూ (గోడ దగ్గర కేబుల్ గుచ్చే సాకెట్లు) ఫేస్‌ప్లేట్లూ (వాటి ముందు పలకలు) గ్యాంగ్ బాక్సులూ (వెనక డబ్బాలు) పన్నెండేసి, మీటరు ప్యాచ్ కార్డులు పన్నెండు, రెండు మీటర్లవి పన్నెండు, ఆర్‌జే 45 జాక్‌లు వంద, క్రింపింగ్ టూల్ రెండు, పంచింగ్ టూల్ (తీగల్ని ఐవో, ప్యానెల్ గాడుల్లోకి నొక్కేది) రెండు, ల్యాన్ టెస్టర్ ఒకటి, కేసింగ్ పట్టీలు, వెల్క్రో చుట్ట.

కేబుల్ దగ్గర తొందరపడకూడదు. డబ్బా మీద క్యాట్ 6 అనే ఉంటుంది, లోపల రాగి పూసిన అల్యూమినియం ఉంటుంది. ఒక్క అడుగు ముక్క కోయించుకుని, ఒక తీగని బ్లేడుతో గీకాలి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అదే తీగని అటూ ఇటూ వంచితే అల్యూమినియం నాలుగైదు వంపులకే పుటుక్కున తెగుతుంది. డబ్బాని చేత్తో ఎత్తినా తెలుస్తుంది, రాగిది బాగా బరువు. అల్యూమినియం కేబుల్ నిరోధం రాగిదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. డేటా పది మీటర్లకి ఎలాగో నడుస్తుంది గానీ, అదే కేబుల్‌లో యాక్సెస్ పాయింట్‌కి కరెంటు పంపితే దారిలోనే వోల్టేజీ తిని తీగ వేడెక్కుతుంది. పంచింగ్‌లో తెగిపోయే బెడద అదనం. ధరలో తేడా చూసి ఇక్కడ ఆశపడవద్దు. గోడలోకి వెళ్లిన కేబుల్‌ని మార్చడమంటే గదిని మళ్లీ కట్టడమే.

జాక్‌లు కూడా చూసి కొనాలి. క్యాట్ 5ఈ కోసం చేసిన జాక్‌లో రంధ్రాలు చిన్నవి, క్యాట్ 6 తీగ మందం, పైపొర దాటుకుని లోపలికి పోదు. తోస్తే సగంలో ఆగుతుంది. క్యాట్ 6 జాక్‌లో రంధ్రాలు చాలావాటిలో ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి.

రోజు 3: పట్టీలు, కేబుల్ లాగడం

కరెంటు పట్టీ, డేటా పట్టీ వేరువేరు. సమాంతరంగా పోయేచోట అడుగు ఎడం ఇచ్చాం, దాటాల్సిన ఒక్క చోట నిలువుగా అడ్డం దాటించాం. కేబుల్‌ని పదకొండు కిలోల బలానికి మించి లాగకూడదు. చిక్కుకుంటే వెనక్కి వెళ్లి విడిపించాలి తప్ప గుంజకూడదు. మూల తిరిగేచోట వంపు కేబుల్ మందానికి నాలుగింతలకి తగ్గకూడదు. క్యాట్ 6 మందం ఆరు మిల్లీమీటర్లు కాబట్టి అంగుళం వ్యాసార్థం అనుకుంటే సరిపోతుంది. ప్లాస్టిక్ ట్యాగులు బిగించి కడితే లోపలి మెలికలు నలుగుతాయి, అందుకే వెల్క్రో.

కోయకముందే రెండు కొసలకీ నంబరు వేయాలి. ఆరో కేబుల్‌కి ఇది మరిచిపోయాం. టెస్టర్‌తో వెతికి పట్టుకోవడానికి అరగంట పట్టింది.

రోజు 4, 5: పంచింగ్, క్రింపింగ్

రెండు రోజులూ దీనికే ఇచ్చాం, ఇవ్వాల్సిందే.

తీగల రంగులకి బి స్టాండర్డ్ (టీ568బీ) వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జాక్ క్లిప్ కిందికి ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి చదవాలి. ఆకుపచ్చ జత మధ్యలోకి నీలం జత ఎందుకు దూరిందని అందరూ అడుగుతారు. టెలిఫోన్ జాక్‌లో లైను మధ్య రెండు పిన్నుల్లో ఉండేది, ఆ పాత అలవాటుని 4, 5 పిన్నుల్లో అలాగే ఉంచారు. అందుకని తర్వాతి జత దాని చుట్టూ 3, 6 పిన్నుల్లోకి వెళ్లింది.

క్రింపింగ్ ఇలా. పైతొడుగు రెండు అంగుళాలు తీసేయాలి, లోపలి తీగల మీద బ్లేడు గాటు పడలేదని వెలుతురులో తిప్పి చూసుకోవాలి. మధ్యలో ప్లాస్టిక్ కడ్డీ ఉంటే తొడుగు దాకా కోసేయాలి. జతలు విప్పి, తీగల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పక్కపక్కకి పదిసార్లు ఊపుతూ సాగదీస్తే నిటారుగా అవుతాయి. వరస పెట్టాక ఒక్క కోతతో కొసలు సమం చేయాలి. విప్పిన భాగం 13 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం దాటకూడదు. జాక్‌లోకి తోసి, ముందు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ ఒకే లోతులో మెరుస్తూ కనిపించాలి. వెనక పైతొడుగు జాక్ లోపలి బిగింపు కింద ఉండాలి. తొడుగు బయట ఉండిపోతే, కేబుల్ లాగినప్పుడు ఆ బరువంతా ఎనిమిది సన్నని తీగల మీద పడుతుంది. రెండు నెలల తర్వాత ‘నెట్ వచ్చి పోతోంది’ అనే ఫిర్యాదు అక్కడి నుంచే వస్తుంది.

మొదటి పూట క్రింప్ చేసిన ఇరవై జాక్‌లలో పదకొండు పనికొచ్చాయి. పోయిన తొమ్మిదింటిలో ఆరు, పైతొడుగు బయట ఉన్నవే.

అన్నిటికంటే విలువైన పాఠం ఒక కేబుల్ నేర్పింది. దాన్ని జతల వరసలో క్రింప్ చేశారు: నారింజ రెండూ, ఆకుపచ్చ రెండూ, నీలం రెండూ, గోధుమ రెండూ. రెండు కొసలూ అలాగే. టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. ఈ కేబుల్ బాగుందని అందరూ అన్నారు. పద్నాలుగు మీటర్ల ఆ కేబుల్‌ని స్విచ్‌కి పెడితే గిగాబిట్ నిలబడక 100కి జారింది, ఫైలు కాపీ మధ్యమధ్యలో ఆగుతోంది.

ఎందుకంటే 3, 6 పిన్నులు ఒక జతగా పనిచేయాలి. ఈ వరసలో 3లో ఆకుపచ్చ జత తీగ, 6లో నీలం జత తీగ ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మెలిపడిన తీగలు కావు. 4, 5 పిన్నులదీ అదే కథ. బయటి అలజడి రెండు తీగల మీదా సమానంగా పడితే అవతలి కొసలో తేడా తీసినప్పుడు అది కొట్టుకుపోతుంది, మెలి పెట్టేది అందుకే. మెలి తప్పితే పక్క జత మాటలన్నీ దీనిలోకి కారతాయి. చవక టెస్టర్ చూసేది తీగ అటు నుంచి ఇటు దాకా ఉందా లేదా అన్నదే. ఎవరితో ఎవరు మెలిపడ్డారో దానికి తెలియదు. అందుకే టెస్టర్ తర్వాత రంగుల్ని కంటితో చూడాలి, ఆ తర్వాత వేగం అంకె చూడాలి.

ఏడో సీటు ఇంకో రకం. పంచింగ్ అయ్యాక టెస్టర్‌లో పాస్. ఫేస్‌ప్లేట్ బిగించి కంప్యూటర్ పెడితే లైటు పచ్చగానే ఉంది, పవర్‌షెల్‌లో గెట్-నెట్‌అడాప్టర్ కొడితే లింక్ స్పీడ్ 100 ఎంబీపీఎస్. ప్లేట్ విప్పి చూస్తే తెలుపు-గోధుమ తీగ గాడిలోంచి పైకి లేచి ఉంది. గ్యాంగ్ బాక్సులోకి మిగులు కేబుల్‌ని కుక్కినప్పుడు లాగేసింది. 100 ఎంబీపీఎస్‌కి 1-2, 3-6 జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. వేగం గురించి మాట్లాడుకునే పలకరింపు మొదటి రెండు జతల మీదే జరుగుతుంది కాబట్టి రెండు కొసలూ ముందు గిగాబిట్‌కే ఒప్పుకుంటాయి, తీరా మొదలుపెట్టేసరికి నాలుగో జత ఉండదు. కొన్ని నెట్‌వర్క్ కార్డులు రెండు మూడు ప్రయత్నాల తర్వాత తెలివిగా 100కి దిగుతాయి. దిగడం తెలియని కార్డు అయితే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఒకే కేబుల్, ఒక కంప్యూటర్‌కి నెమ్మది, ఇంకోదానికి అసలే లేదు. సపోర్ట్ పనిలో ఇది అచ్చం ఇలాగే ఎదురవుతుంది. మళ్లీ పంచ్ చేశాం, మిగులు కేబుల్‌ని చుట్టలా తిప్పి పెట్టాం, ప్లేట్ బిగించాక ఇంకోసారి పరీక్షించాం. ఇకపై బిగించాక చేసిన పరీక్షే లెక్క.

రోజు 6: స్విచ్, రౌటర్, చిరునామాలు

ఇంటర్నెట్ ఫైబర్ పెట్టె 192.168.1.1 మీద ఉంది. మన రౌటర్ లోపలి వైపు కూడా అదే వరస పెట్టుకుని వచ్చింది. రెండు వైపులా ఒకే నెట్‌వర్క్ ఉంటే ఏ ప్యాకెట్ ఎటు పంపాలో రౌటర్‌కి తేలదు. లోపలి వైపుని 192.168.10.0/24కి మార్చాం. చివరి అంకెలు ఇవి: రౌటర్ 1, యాక్సెస్ పాయింట్ 2, ప్రింటర్ 20, డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి చిరునామాలు దానంతట అదే పంచేది) 100 నుంచి 199. చేత్తో ఇచ్చే చిరునామాలన్నీ 100 లోపే.

రౌటర్ బయటి వైపు చిరునామా కూడా రాసి పెట్టుకోవడం మంచిది. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఒకే పబ్లిక్ చిరునామాని చాలామందికి పంచుతున్నారని అర్థం. అప్పుడు బయటి నుంచి సీసీ కెమెరా చూడటానికి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుని లోపలి పరికరానికి మళ్లించడం) ఎంత చేసినా పనిచేయదు.

పరీక్ష వరస గోడకి అంటించాం. ముందు ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కమాండ్. 169.254తో మొదలయ్యే చిరునామా ఉంటే డీహెచ్‌సీపీ సర్వర్ దాకా మాట చేరలేదు, కేబులూ స్విచ్చూ చూడాలి. మంచి చిరునామా ఉంటే గేట్‌వేకి, అంటే రౌటర్‌కి, పింగ్ (ఉన్నావా అని పిలుపు). అది పలికితే బయట ఇంటర్నెట్‌లోని 8.8.8.8కి. అదీ పలికి వెబ్‌సైటు మాత్రం తెరుచుకోకపోతే ఎన్ఎస్‌లుకప్‌తో డీఎన్ఎస్‌ని (వెబ్‌సైటు పేరుకి చిరునామా చెప్పేది) అడగాలి.

సీటు 4లో ఇవన్నీ పాస్, వెబ్‌సైట్లు మాత్రం భద్రత హెచ్చరికతో ఆగిపోతున్నాయి. గడియారం కొన్నేళ్లు వెనక ఉంది. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి, కంప్యూటర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు. సెకండ్‌హ్యాండ్ మెషీన్లు కొంటే ఈ బ్యాటరీలన్నీ ఒకేసారి మార్చేయండి.

యాక్సెస్ పాయింట్‌కి 802.3ఏఎఫ్ ఇంజెక్టర్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పెట్టె) పెట్టాం, పోర్టు దగ్గర 15.4 వాట్లు. ఇక్కడా పలకరింపు ఉంటుంది: పరికరం నాకు కరెంటు కావాలని చెప్పాకే ఇంజెక్టర్ 48 వోల్టుల దరిదాపు వదులుతుంది. ఏదీ అడగకుండా 24 వోల్టులు తోసేసే పాసివ్ ఇంజెక్టర్లూ అచ్చం ఇలాగే కనిపిస్తాయి, స్టిక్కర్ చదవకుండా గుచ్చకూడదు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్‌ని 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఛానెల్ 1, 6, 11లలో ఒకదానికే కట్టేశాం. ఈ సందుల్లో ప్రతి అంతస్తులో నాలుగైదు వైఫైలు. 3 లోనో 4 లోనో పెడితే రెండు గుంపులతోనూ గొడవే.

రోజు 7: మానిటర్లు

కంప్యూటర్ల వెనక డిస్‌ప్లేపోర్ట్ రెండు, వీజీఏ ఒకటి. హెచ్‌డీఎంఐ లేదు. సీటు 8 తప్ప మిగతా మానిటర్లకి హెచ్‌డీఎంఐ, వీజీఏ మాత్రమే. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఇది మామూలే. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుళ్లు ఎనిమిది తెప్పించాం. ఒకటి తిరగేసి వచ్చింది, అంటే హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లేది. చూడ్డానికి రెండు కొసలూ అవే, బొమ్మ రాదు. రెండు ప్లస్ గుర్తులున్న డిస్‌ప్లేపోర్ట్ కావాలంటే హెచ్‌డీఎంఐ భాషలో మాట్లాడగలదు, కాబట్టి చిన్న అడాప్టర్ చాలు. హెచ్‌డీఎంఐకి ఆ విద్య లేదు. అటు నుంచి రావాలంటే సొంతంగా కరెంటు తీసుకుని మార్చే యాక్టివ్ కన్వర్టర్ ఉండాలి. బాణం ఎటు ఉందో చూసి కొనండి.

సీటు 2, సీటు 5 పాత వీజీఏ మానిటర్లు. 1987లో ఐబీఎం తెచ్చిన ఆ పదిహేను పిన్నుల పోర్టు ఇంకా మన బ్యాంకుల్లో, బడుల్లో పనిచేస్తూనే ఉంది, నేర్చుకోవాల్సిందే. సీటు 2లో తెల్లని పేజీ పసుపుగా వచ్చింది. 1, 2, 3 పిన్నులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. నీలం పోతే తెలుపు పసుపవుతుంది, ఎరుపు పోతే లేత నీలిపచ్చ, ఆకుపచ్చ పోతే గులాబీ-ఊదా. జాక్ తిప్పి చూస్తే మూడో పిన్ను పక్కకి వంగి ఉంది. ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ గొట్టం పిన్ను మీద తొడిగి మెల్లగా నిలబెట్టాం.

సీటు 5లో బొమ్మ స్పష్టంగా లేదు, సెట్టింగుల్లో 1024×768కి మించి చూపించడం లేదు. డ్రైవర్ మళ్లీ వేశారు, లాభం లేదు. మానిటర్ తన వివరాలన్నీ 128 బైట్ల చీటీలా కంప్యూటర్‌కి పంపుతుంది. దాని పేరు ఈడీఐడీ: కంపెనీ, తెర సైజు, సొంత రిజల్యూషన్. వీజీఏలో ఆ చీటీ 12, 15 పిన్నుల మీదుగా వస్తుంది. ఆ కేబుల్‌లో ఆ రెండు తీగలూ అసలు లేవు. చీటీ అందకపోతే కంప్యూటర్ ఎందుకైనా మంచిదని తక్కువ రిజల్యూషన్‌కి దిగుతుంది. కేబుల్ మార్చగానే అసలు రిజల్యూషన్ వచ్చింది. ఏడో సీటు గోధుమ తీగకీ దీనికీ ఉన్న పోలిక చూడండి: రెండింటిలోనూ పని ఆగలేదు, ఒప్పందం తగ్గింది, అంతే.

హెచ్‌డీఎంఐ మానిటర్లలో రెండింటికి అంచులు తెగాయి, నలుపు బూడిదలా ఉంది. కంప్యూటర్ వాటిని టీవీ అనుకుంది. మానిటర్ మెనూలో ఓవర్‌స్కాన్ (బొమ్మని పెంచి అంచులు కోసేది) ఆపి, గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రంగుల శ్రేణిని ఫుల్‌కి మార్చాం. టీవీ పద్ధతిలో నలుపు 16, తెలుపు 235, కంప్యూటర్ పద్ధతిలో 0 నుంచి 255.

సీటు 8 కంప్యూటర్ మానిటర్ తగిలించి ఉంటే స్టార్ట్ కాదు, తీసేస్తే అవుతుంది. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ ఉన్నది ఈ ఒక్క సీటుకే. కేబుల్‌లో ఇరవయ్యో పిన్ను రెండు కొసల్నీ కలుపుతోంది. అది 3.3 వోల్టుల పిన్ను, అడాప్టర్ల కోసం పెట్టింది. మామూలు కేబుల్‌లో దాన్ని కలపకూడదని నియమం. చవక కేబుళ్లలో కలిపేస్తారు, మానిటర్ కరెంటు వెనక్కి కంప్యూటర్‌లోకి పోతుంది. కేబుల్‌ని కత్తెరతో రెండుగా కోసి పాఠం కోసం డబ్బాలో వేశాం.

తెర నల్లగా ఉంటే వరస ఇది. మానిటర్ మెనూ బటన్ నొక్కాలి. మెనూ కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉంది. మెనూ కూడా లేకపోతే గది చీకటి చేసి టార్చి వేసి ఏటవాలుగా చూడాలి. లీలగా బొమ్మ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటే. మెనూ ఉండి ‘నో సిగ్నల్’ అంటే, కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాక మదర్‌బోర్డు పోర్టుకి పెట్టారేమో చూడాలి. కార్డు ఉన్న రెండు సీట్లలోనూ ఇదే జరిగింది. ఆ తర్వాత క్యాప్స్‌లాక్ నొక్కితే కీబోర్డు లైటు మారుతోందా? మారకపోతే కంప్యూటరే లేవలేదు. ప్లగ్ తీసి, ర్యామ్ విప్పి, బంగారు పూత కాంటాక్టుల్ని మెత్తని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్కుమనేదాకా మళ్లీ నొక్కాలి.

రోజు 8: ఫోర్‌కే టీవీ

బల్ల నుంచి టీవీకి పది మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ వేశాం, మధ్యలో డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి చిన్న పాసివ్ అడాప్టర్. బొమ్మ వచ్చింది, మౌస్ మాత్రం గంజిలో ఈదుతున్నట్టు కదులుతోంది. అంకె చూస్తే 30 హెర్ట్జ్.

లెక్క వేసి చూపించాం. గీతల మధ్య, ఫ్రేముల మధ్య ఖాళీ సమయంతో కలిపి 1080 రిజల్యూషన్, 60 హెర్ట్జ్‌కి పిక్సెల్ గడియారం (పిక్సెళ్లు పంపే వేగం) 148.5 మెగాహెర్ట్జ్. ఫోర్‌కే అంటే నాలుగింతలు, 594. దాన్ని మూడు జతల మీద, ఒక్కో పిక్సెల్‌కి జతకి పది బిట్ల చొప్పున పంపితే 17.8 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 పరిమితి 18 కాబట్టి అంచున పడుతుంది. పాసివ్ అడాప్టర్లలో మంచి రకం పరిమితి 300 మెగాహెర్ట్జ్, అంటే ఫోర్‌కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. యాక్టివ్ అడాప్టర్ మార్చి, టీవీ మెనూలో ఆ పోర్టుకి పూర్తి బ్యాండ్‌విడ్త్ మోడ్ ఆన్ చేశాం. ఇప్పుడు 60కి ఒప్పుకుంది, కానీ తెర మీద తెల్లని మిణుకులు, నిమిషానికోసారి నలుపు. పది మీటర్ల రాగి కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోంది. జతకి ఆరు గిగాబిట్లు పోవాలి. గిగాబిట్ ఈథర్‌నెట్‌లో జతకి 250 మెగాబిట్లే, పైగా అవతలి కొసలో ప్రతిధ్వని తీసేసే చిప్ ఉంటుంది, అందుకే అది వంద మీటర్లు పోతుంది.

ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక దారి. మేం ఇంకో దారి పట్టాం. తెరని దూరం లాగే బదులు నెట్‌వర్క్‌ని దూరం లాగాం: టీవీ వెనక ఒక చిన్న కంప్యూటర్, మీటరున్నర హెచ్‌డీఎంఐ కేబుల్, ప్యాచ్ ప్యానెల్ 11వ పోర్టు నుంచి కొత్త క్యాట్ 6, బల్ల మీద వైర్‌లెస్ కీబోర్డు. ఫోర్‌కే, 60 హెర్ట్జ్, మిణుకుల్లేవు.

రోజు 9: కావాలని చెడగొట్టడం

ఒక ప్యాచ్ కార్డు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చాం. కొన్ని సెకన్లలో అన్ని లైట్లూ ఒకే తాళంలో దడదడలాడాయి, గేట్‌వేకి పింగ్ పోయింది. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అని ఆయుష్షు ఉంటుంది, ఈథర్‌నెట్ ఫ్రేముకి లేదు. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము ఆ వలయంలో తిరుగుతూనే ఉంటుంది, ప్రతి తిరుగుడుకీ అన్ని పోర్టులకీ కాపీ పోతుంది. స్పానింగ్ ట్రీ ఉన్న మేనేజ్డ్ స్విచ్ అయితే ఒక దారి మూసేస్తుంది, మా స్విచ్‌కి ఆ తెలివి లేదు. లైట్లన్నీ కలిసి కొట్టుకుంటే చివరగా ఎవరు ఏ తీగ గుచ్చారని అడగాలి. ఎవరూ చెప్పకపోతే ఒక్కో కేబుల్ తీస్తూ పోవాలి.

రెండోది: పాత ఇంటి రౌటర్‌ని దాని ల్యాన్ పోర్టుతో గది నెట్‌వర్క్‌కి తగిలించాం. మూడు సీట్లకి 192.168.0 వరస చిరునామాలు వచ్చాయి, మిగతావాటికి రాలేదు. డీహెచ్‌సీపీ అడిగినప్పుడు ఎవరు ముందు జవాబిస్తే వాళ్లదే మాట, అందుకే కొందరికే జబ్బు. ఐపీకాన్ఫిగ్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ వరస చదివితే దొంగ చిరునామా దొరుకుతుంది, ఏఆర్‌పీ మైనస్ ఏ కమాండ్‌తో దాని మ్యాక్ (పరికరం నెట్‌వర్క్ పోర్టు సొంత నంబరు). ఆ మ్యాక్ మొదటి ఆరు అంకెలు ఏ కంపెనీ పెట్టెనో చెబుతాయి, వెతకడం సులువు.

రోజు 10: మిగిలినవి

ప్రతి ఫేస్‌ప్లేట్ మీదా, ప్యానెల్ మీదా ఒకే నంబరు. ర్యాక్ తలుపు లోపల ఒక కాగితం: పాయింట్ నంబరు, పొడవు, ఒప్పుకున్న వేగం, తెర రిజల్యూషన్, హెర్ట్జ్, చూసిన తేదీ. పదకొండు పాయింట్లలో యాక్సెస్ పాయింట్‌తో సహా అన్నిటికీ 1 జీబీపీఎస్ వచ్చింది. సీటు 5 మానిటర్ కుడి అంచున సన్నని నీడ ఇంకా ఉంది. కేబుల్ మార్చినా, వేరే కంప్యూటర్‌కి పెట్టినా పోలేదు కాబట్టి ప్యానెల్‌దే. కాగితంలో అలాగే రాశాం. సీలింగ్ పాయింట్ దగ్గర కేసింగ్ మూత ఒకటి రావాలి. సోమవారం మొదటి బ్యాచ్ కూర్చునేలోపు టీవీ వెనక కంప్యూటర్‌కి కూడా బిళ్ల బ్యాటరీ మార్చాలి.